ముప్పై ఒక్క ఫ్లాపీలు

“కొట్టు తమ్మీ, ఫార్మాట్ కొట్టు. కాపీలన్నీ నా బీరువల భద్రంగ ఉన్నయి. నా పానం లెక్క సూస్కుంట. నువ్వేం ఫికర్ జేయకు.”

ఎవరి మాటలన్నా ఇవి? గుర్తుకొస్తున్నయా? పోయిన నవంబర్ తొమ్మిదో తారీఖు, ఆదివారం, పొద్దుగాల పదకొండు గంటలు. పోచంపల్లిల మన చేనేత యువజన సంఘం ఆఫీసు. నేను కీబోర్డు మీద వేలు పెట్టి ఆగిన. నువ్వు నా భుజం మీద చెయ్యేసి అన్నవు. అక్షరం పొల్లు పోకుంట చెప్పిన, అవునా కాదా?

లేవకు అమరన్నా. కూసో. నేనేం కొట్టనీకి రాలే.

ఆ పిల్లలా? ఉండనియ్. టైపింగ్ నేర్చుకోనీకి వచ్చినోళ్ళు ఇది గూడ నేర్చుకుంటరు. ఏంది, మెల్లగ మాట్లాడాల్నా? భువనగిరి చౌరస్తల మైకు పట్టుకోని మనిద్దరం గొంతులు పోయేదాంక ఒర్రినప్పుడు మెల్లగ మాట్లాడినమా? ఇప్పుడు నీకు నల్లగొండ గడియారం కాడ దుకాణం అయ్యింది, గోడకు సున్నం కొత్తది, నీ పేరు మీద కోచింగ్ సెంటరు బోర్డు. నేను, ఈ లతీఫ్ గాన్ని, మాత్రం మెల్లగ మాట్లాడాలె.

సరే. మెల్లగనే మాట్లాడుత. గొంతు గూడ సరిగ లేదు నాకు.

మిషన్ వచ్చిన దినం యాదికున్నదా నీకు? సికింద్రాబాదుల దగ్గరుండి అసెంబుల్ చేయించినం. బస్సుల నీ ఒళ్ళె సీపీయూ, నా ఒళ్ళె మానిటరు. నా తొడలు తిమ్మిరెక్కినయి గని దాన్ని కింద పెట్టలే. కండక్టరు "టీవీకి టికెట్ తీస్తవా అన్నా" అంటే, "ఇది టీవీ కాదు, ఆయుధం" అన్న నేను. బస్సంత నవ్వింది. నువ్వు గూడ నవ్వినవు. నేను మాత్రం నిజంగనే అన్న.

బాలస్వామి మామ తన మగ్గాల ఇంట్ల ముందు అర్ర ఖాళీ చేసి సంఘానికి జాగా ఇచ్చిండు. నువ్వు మిషన్‌కు బంతిపూల దండ వేసి, కొబ్బరికాయ కొట్టవోతివి. ఎట్ల కొట్లాడినం మనం! "శాస్త్రానికి బొట్టు పెడ్తవా?" అని నేను, "పెడితె నీ శాస్త్రం సస్తదా?" అని నువ్వు. ఆఖరికి కాయ కొట్టినవు, ముక్క నేను తిన్న. గోడ మీద ఎర్ర రంగుతోని రాసిన: దున్నేటోనిదే భూమి, నేసేటోనిదే డిజైను. ఇంకా ఉన్నది ఆ గోడ మీద. పొద్దున గూడ చూసి వచ్చిన.

గుర్వమ్మ అవ్వను ఒప్పించింది ఎవరు? నేను. ఆమె పెనిమిటి అంజయ్య తాత పోయి ఆరేండ్లయితుండె. ఊరుమొత్తంల ఆయిన గీసినంత గొప్పగ చిటికి డిజైను గీసినోడు లేడు. అరవై నాలుగు డిజైన్లు, ఒక్క గ్రాఫు బుక్కుల. హైదరాబాదు సేట్లు వచ్చి అడిగినా అవ్వ సందుగు తాళం తియ్యలే. నేను మూడు దినాలు ఆమె గడప కాడ కూసోని ఉపన్యాసం ఇచ్చిన. "అవ్వా, కాగితాన్ని చెదలు తింటయి. మిషన్‌కు సావు లేదు. తాళం వేసిన జ్ఞానం ఎవరికి అక్కెర? ఇది నీ ఒక్కదానిది కాదు, నేసే జాతి మొత్తానిది!"

అవ్వ ఏమన్నదో ఎరుకేనా? "ముందు చాయ్ తాగు బిడ్డా, నీ నోరు ఎండిపోయింది. మీ నాయిన షరీఫు సైకిల్ ట్యూబులు సన్నగ కోసిచ్చిన రబ్బరుతోనే ఈ చిటికి పోగులన్నీ కట్టి రంగుల ముంచినం. ఒక్కనాడు మోసం జేయలే ఆయిన. ఆయిన కొడుకువని ఇస్తున్న. నీ మాటలు నాకేం సమజ్ గాలే."

నా మాటలకు కాదన్నా. మా అబ్బా రబ్బరుకు ఇచ్చింది ఆమె ఆ బుక్కు.

ఏప్రిల్ సంది సెప్టెంబర్ దాంక గళ్ళు నింపిన. ఒక్కో గడి, ఒక్కో రంగు. ఆ బుక్కు మీద నూనె మరకలు, రంగు చుక్కలు, కొన్ని జాగాలల్ల గళ్ళే మాసిపోయినయి. అవ్వ కండ్లకు పొరలు కమ్మినయి గద, కాగితం ముక్కు కాడికి తెచ్చుకొని, "ఈడ ఎరుపు గాదు బిడ్డా, మద్ది రంగు. ఆయిన ఎరుపు పక్క ఎరుపు పెట్టడు" అనేది. నేను గడి మార్చేది. ఆమె నా కుర్చీ పక్కన పీట వేస్కొని కూసునేది. పండ్లు లేని నోట్లె తమలపాకు నమిలేది. నేను నెలకోసారి డిస్కు సర్దుతుంటి. తెర మీద చిన్న చిన్న రంగు గళ్ళు ఒక్కొక్కటి లేచి ఇంకో జాగల కూసుంటయి గద, అది చూసి ఓనాడు దగ్గరికి జరిగింది. "లోపట ఎవడు నేస్తున్నడు బిడ్డా? పోగులు తప్పుతున్నడు. చెప్పు వానికి."

నవ్వకు. నువ్వు నవ్వొద్దు.

మిషన్‌ను ఎంత మంచిగ చూసుకున్ననో నీకు ఎరుకే. కోఠి ఫుట్‌పాత్ మీద కొన్న ఇంగ్లీషు పుస్తకం, అట్ట లేనిది, డిక్షనరీ పక్కన పెట్టుకొని చదివిన. స్టార్ట్ కాంగనే తెరుచుకునే ప్రోగ్రాములన్ని తీసేసిన. తెర మీది బొమ్మ తీసేసిన. టెంపు చెత్త ఊడ్చిన. స్వాప్ ఫైలుకు కొలత కట్టిన. మెమరీ ఎనిమిది ఎంబీలే ఉండె, అండ్లనే సర్దాలె. బిడ్డకు తల దువ్వినట్టు దువ్విన దాన్ని.

ఇగ పెత్రమాస ముచ్చటకొద్దాం. దాని గురించి నువ్వు ఎన్నడూ మాట్లాడవు.

అక్టోబర్ ఒకటి. పెద్దలకు బియ్యం ఇచ్చే దినం. ముందటి దినమే ఆఖరి డిజైను ఎక్కించిన. అవ్వ పొద్దుగాల తలస్నానం చేసి, బుక్కును పాత చీర ముక్కల చుట్టి, పసుపు కుంకుమ పెట్టి ఆఫీసుకు వచ్చింది. దేవుని పాత పటాలను చెత్తల పారెయ్యరు గదా, పారే నీళ్ళల్ల ఇడుస్తరు. గట్ల ఇడుద్దామని వచ్చింది. "ఆరేండ్ల సంది ఆయినను సందుగుల పెట్టి తాళమేసిన బిడ్డా. ఇగ మిషన్ల బతికిండు గద. ఈ కాగితాల్ల నుంచి పోనిస్త" అన్నది.

నేను ఏమనాలె? "వద్దవ్వా, ఉండనియ్, సందుగుల ఉంటె ఏం బాధ" అనాలె. ఒక్క మాట. బుద్ధి ఉన్నోడు ఎవడైనా అంటడు.

నేను అనలే.

"అన్నీ ఎక్కినయా బిడ్డా?" అన్నది. "అన్నీ అవ్వా, అరవై నాలుగు" అన్న. "ఒక్కపారి ఆ పాలపిట్ట రెక్క చూపియ్యి." తీసి చూపిచ్చిన. వాళ్ళ లగ్గమైన ఏడు అంజయ్య తాత గీసినది అది. దసరానాడు జమ్మికి పోతుంటె పాలపిట్ట లేచిందట, రెక్క ఇప్పంగనే లోపటి నీలం కనబడ్డదట, ఇంటికొచ్చి అన్నం తినకుంట గీసిండట. అవ్వ అద్దానికి ముక్కు ఆనిచ్చి చూసింది. ఊపిరికి తెర మసకయ్యింది. కొంగుతోని తుడిచి మల్ల చూసింది. "ఉన్నడు" అన్నది.

మూసీ కాల్వ కాడికి అందరం పోయినం. నువ్వు గూడ ఉంటివి. అవ్వ మోకాళ్ళ దాంక దిగి ఇడిసింది. "ఇగ పో. నీకు సాలయ్యింది, నాకూ సాలయ్యింది" అన్నది ఆయినతోని, కోపం జేసినట్టు. ఆ మూట జరసేపు తేలి, మునిగింది.

అప్పుడు నేను గట్టు మీద నిలవడి ఉపన్యాసం ఇచ్చిన అన్నా! పాతది పోవాలె, కొత్తది రావాలె అని, జ్ఞానం సందుగులకెళ్ళి బయటికి నడిచిందని. నువ్వు చప్పట్లు కొట్టినవు. తడి చీరతోని ఆమె గజగజ వణుకుతుండె, మనకు కనబడలే.

ఆ తర్వాత నీకు ప్రారంభోత్సవం పిచ్చి పట్టింది. హైదరాబాదు నుంచి పెద్ద సారు వస్తడు, పేపరోళ్ళు వస్తరు, నవంబర్ పన్నెండు. మిషనేమో మొరాయిస్తుండె. స్టార్ట్ చేసిన పావుగంటకు నత్తలెక్క నడుస్తది, ఆనక బిగుసుకుపోతది. తెర మీద మౌసు బాణం కదలదు. "సారు ముందల గిట్లయితె ఇజ్జత్ ఏం గావాలె తమ్మీ" అని నువ్వు. నేను ఆ అట్టలేని పుస్తకం మల్ల చదివిన. ఆఖరి అధ్యాయంల ఉన్నది: ఏం చేసినా బాగుగాకుంటె డిస్కు మొత్తం తుడిచి, విండోస్ కొత్తగ ఎక్కించు.

రెండు దినాలు కూసోని కాపీ తీసిన. ముప్పై ఒక్క ఫ్లాపీలు. ఒక్కో దాని మీద చీటి అతికించి ఎర్ర సిరాతోని నంబరు వేసిన. మిఠాయి డబ్బల సర్ది నీ చేతిల పెట్టిన. నా దగ్గర ఎందుకు పెట్టుకోలే? ఆఫీసుకు తాళం సక్కగ పడదు, మా ఇంట్ల ఎలుకలు. నీ ఇంట్ల ఇనుప బీరువ ఉండె. ఇంకోటి, నువ్వు అమరన్నవు.

ఫార్మాట్ కొట్టే ముందల అవ్వ వచ్చింది. "ఏం జేస్తున్నవు బిడ్డా?" "లోపటున్నదంత తుడిచి మల్ల ఎక్కిస్త అవ్వా." "రంగుల ముంచినంక రబ్బరు ఇప్పినట్టా?" "ఆ, గట్లనే." "ఇప్పు మరి. ఇప్పితెనే గద రంగు కనబడేది" అని పీట మీద కూసున్నది. తెర మీద అంకెలు పెరుగుతున్నయి. పది, ఇరవై, నలభై. నూరు అయ్యేదాంక ఆమె లేవలే. నూరు కాంగనే, "అయ్యిందా? మంచిగ వచ్చిందా?" అన్నది.

మంచిగనే వచ్చిందన్న.

ప్రారంభోత్సవం నాడు గుర్రం లెక్క ఉరికింది మిషన్. తెల్లగ, ఖాళీగ, ఒక్క డిజైను లేకుంట. సారు తెర మీద సంఘం పేరు టైపు చేసిండు, ఫోటో దిగిండు. డిజైన్లు రేపు ఎక్కిద్దాం తమ్మీ అన్నవు. రేపు అన్నవు, ఎల్లుండి అన్నవు, బీరువ తాళపుచెవి మా ఆమె పుట్టింటికి తీస్కపోయిందన్నవు. డిసెంబర్ వచ్చేసరికి ఈడ ఈ దుకాణం తెరిచినవు.

పోయిన శుక్రవారం నేను వచ్చిన ఈడికి. నువ్వు లేవు. అగో, ఆ రెండో మిషన్ కాడ ఎవరో ఆడపిల్ల ఫ్లాపీ పెడ్తున్నది. చీటి మీద నీ రాత, "టైపింగ్ పాఠం" అని. దాని కింద, గీకినా పోకుంట, ఎర్ర సిరా. పదిహేడు. నా పదిహేడు! పక్కన ఇంకో మూడున్నయి. నాలుగు, తొమ్మిది, ఇరవై రెండు. ఒకదాంట్ల కార్ల ఆట.

ఏమన్నవు? మల్ల అను.

ఎక్కించినవనుకున్న అంటున్నవా? డిజైన్లు ఎప్పుడో నేను మిషన్ల ఎక్కించేసిననని, ఇవి ఉత్త ఫ్లాపీలు అనుకున్నవా? డబ్బ నీ బీరువల ఉంటె నేనేం పెట్టి ఎక్కిస్త అన్నా? ఉమ్మిచ్చి అతికిస్తనా?

అమ్ముకున్నవేమో అనుకున్న ముందు. బొంబాయి మిల్లోనికి అమ్మి ఉంటవని. నీ మొఖం మీద ఉమ్మేసేటట్టు ఒక కరపత్రం గూడ రాసిన. ద్రోహి అని, దళారి అని, మంచి మంచి మాటలన్నీ పెట్టిన. అమ్ముకున్నా బాగుండు. అమ్ముకుంటె యాడ్నో ఒక జాగల ఉండును. నువ్వు అమ్మలే. నీకు ఫ్లాపీలు అక్కెరపడ్డయి, అంతే. చీటి గీకినవు, వాడినవు.

ఎందుకు లేస్తున్నవు? ఆ బీరువ తియ్యకు.

ఇదేనా ఆ మిఠాయి డబ్బ? మిగిలిన ఇరవై ఏడు ఇండ్లున్నయా? వద్దన్నా. లోపట పెట్టు. పెట్టమంటున్న గదా!

నీకు చెప్పనిది ఒకటున్నది. విను.

అరవై నాలుగు డిజైన్లను ఏరు ఏరు ఫైళ్ళుగ కాపీ చేసి ఉంటె, నాలుగు ఫ్లాపీలు పోతె ఓ ఏడెనిమిది డిజైన్లే పోతుండె. నేను గట్ల చేయలే. జాగా కలిసొస్తదని అన్నిటిని కలిపి ఒక్కటే మూట కట్టిన. ఆ మూటను ముప్పై ఒక్క ముక్కలు చేసిన. ఒకటి నుంచి ముప్పై ఒకటి దాంక వరుసగ పెడితెనే ఇప్పుకుంటది. ఒక్కటి లేకున్నా ఇప్పుకోదు. తమాష ఏందో ఎరుకేనా? ఆ మూటకు నేను పెట్టిన పేరు "ఐక్యత." కాపీ తీసినంక, మూట ఇప్పుకుంటదా లేదా అని ఒక్కపారి ఇప్పి చూడలే. ఆ పుస్తకంల రాసే ఉన్నది, చూసుకోవాలె అని. అది గాక నాకు ఉపన్యాసం రాసుకునేది ఉండె.

కాబట్టి ఆ డబ్బల ఏం లేదన్నా. నాకు శుక్రవారం నాడే ఎరుక.

ఇంకోటి. సంక్రాంతి అయినంక మిషన్ మల్ల బిగుసుకుంటుండె. కొత్త విండోస్, ఖాళీ డిస్కు, అయినా బిగుసుకుంటుండె. నేను తల పట్టుకోని కూసున్న. బాలస్వామి మామ వచ్చి, "మా మగ్గం ఆగితె ముందుగాల దుమ్ము దులుపుత. దీని మూత తీసి ఓసారి ఊదరాదు?" అన్నడు. ఏం తోచక తీసిన. లోపటి ఫ్యాను కనబడలే. నూలు! మగ్గాల ఇంట్లకెళ్ళి ఎగిరొచ్చిన నూలు పోగులు, పది నెలలవి, పిచ్చుక గూడు లెక్క ముద్దగ చుట్టుకున్నయి. రెక్కలు తిరుగుతలేవు. అందుకే వేడెక్కి ఆగుతుండె. ప్రారంభోత్సవం నాడు పది నిమిషాలే నడిపినం గద, వేడెక్కలే. మామ నోటితోని ఊదిండు. ఏలితోని ఆ ముద్ద తీసి పారేసిండు. ఆ దినం సంది ఒక్కసారి ఆగలే మిషన్.

సమజయ్యిందా నీకు? ఫార్మాట్‌తోని పనే లేకుండె. ఒక్క ఊపిరి. అంతే. నేను పుస్తకంల వెతికిన. ఇంగ్లీషోని పుస్తకంల నూలు దుమ్ము ముచ్చట ఎందుకుంటది? నేసేటోని పేరు మీద మాట్లాడెటోన్ని, నేసేటోని ఇంట్ల ఏం ఎగురుతదో చూడలే.

మల్ల గియ్యొచ్చు గద అంటున్నవా? చూసిన అన్నా. తెల్ల గ్రాఫు కాగితం తీస్కొని అవ్వ కాడ కూసున్న. ఊకెనే అడిగినట్టు అడిగిన, "పాలపిట్ట రెక్కల ఎన్ని వరుసలుంటుండె అవ్వా?" అని. "నాకేమెరుక బిడ్డా? ఆయిన చెప్తుండె, నేను కడ్తుంటి. ఆయినకు ఎరుక, నీ మిషన్‌కు ఎరుక" అన్నది. చీరలు? నలభై ఏండ్లు నేసినోళ్ళ ఇంట్ల తాము నేసిన చీర ఒక్కటి గూడ లేదు. అన్నీ ఎవరో కట్టి చింపుకున్నరు. మరి నా చేతులు? ఆర్నెల్లు గళ్ళు నింపిన చేతులివి. ఒక్క వరుస గుర్తులేదు. మౌసు నొక్కినోనికి ఏం గుర్తుంటది?

మూడు నెలల సంది అబద్ధాలు చెప్తున్న. కరెంటు లేదంటి. తెర పోయిందంటి. ఓనాడు ఏం తోచక మిషన్‌కు జరం వచ్చిందంటి. ఇగ రోజూ అడుగుతది, "జరం తగ్గిందా బిడ్డా దానికి?" అని. మొన్న శొంఠి గూడ తెచ్చిచ్చింది. నాకేనట, దానికి కాదు. దాని కాడ కూసోని కూసోని నేను చిక్కిపోయిన్నట.

అవ్వ కండ్లకు ఆపరేషన్ ఉన్నది. భువనగిరి దవాఖానల, క్యాంపుల పేరు రాపిచ్చిన నేను. ఫిబ్రవరి పదమూడు ఆపరేషన్, పదారు సోమవారం పొద్దుగాల పది గంటలకు పట్టీ ఇప్పుతరు. డాక్టరు ముందల్నే అవ్వ చెప్పింది నాకు: "పట్టీ ఇప్పంగనే నన్ను బస్సెక్కించి ఆఫీసుకు తోల్కపో. ముందుగాల ఆయిన పాలపిట్టను చూస్త. ఇన్నేండ్లు మబ్బుల చూసినట్టు చూసిన. మొదటి చూపు దానికే."

దేవుని మొఖం గాదు, మనుమల మొఖం గాదు అన్నా.

కరపత్రం చింపేసిన. నీ దుకాణం ముందల ధర్నా జేస్తనని భయపడకు. ఏమని బోర్డు పట్టుకోవాలె? నీ పేరు రాస్తె కింద నా పేరు రాయాలె. కింద గాదు, పైన రాయాలె.

నాకు ఫ్లాపీలొద్దు. ఒక్కటే అడుగుతున్న. పదారు నాడు ఆ మంచం కాడ నా పక్కన నిలవడతవా? నేనే చెప్త. మాటలన్నీ నావే, నువ్వు నోరు తెరువకు. ఒక్కన్నే చెప్తె, ఏదో పిల్లగాడు తెలువక చేసిండని నన్ను మాఫ్ చేస్తది. తల నిమురుతది గూడ. అది నాకొద్దన్నా, దానికి తట్టుకోలేను. ఇద్దరం నిలవడితె తిడతదేమో. మన్ను తీసి కొడతదేమో. కొట్టనియ్.

ఇప్పుడే చెప్పకు. ఇప్పుడు చెప్తె పిల్లలు చూస్తున్నరని వస్తనంటవు. ఆలోచన చేసి చెప్పు. వస్తవా, రావా? వస్తె వస్తనని, రాకుంటె రానని ఒక్క చీటి రాసి పోచంపల్లి బస్సు డ్రైవర్ చేతికియ్యి, నాకు ముట్టుతది. రానని రాసినా సరే, రాసి ఇయ్యి, ఊకెనే ఉండకు.

ఫిబ్రవరి పదిహేను, ఆదివారం, ఆఖరి బస్సు. అంతవరకే చూస్త.